ఏడు రోజులూ తొమ్మిదే

అసిరితల్లిని గోడ బయటికి గెంటింది మీరే. సముద్రం కాదు, అమావాస్య పోటు కాదు. మీరు. విదియనాటి సభలో నూట పన్నెండు చేతులు లేచాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. నూట పన్నెండోది నాది.

మెట్ల పుస్తకం చూసి తీర్పు చెప్పామన్నారు. ఏం చూశారు? వరసగా ఏడు రోజులు ఒకే అంకె ఉన్న పుస్తకం అది. గోడకి అవతల సముద్రాన్ని పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా కాపురాలు చేస్తున్నారు. నవమినాడూ అమావాస్యనాడూ పోటు ఒకే మెట్టు దగ్గర ఆగుతుందని మీలో ఎవరు నమ్మారు? ఎవరూ నమ్మలేదు. ఎవరూ చదవలేదు. చదవడానికి బద్ధకం, శిక్ష వెయ్యడానికి మాత్రం ఎక్కడలేని హుషారు. తిట్టే అర్హత నాకు లేదని నాకు తెలుసు. ఆ అర్హత కోసం ఆగితే పడవ వెళ్ళిపోతుంది.

కింద ఉన్నది నా సొంత పుస్తకం. ఏ రోజుది ఆ రోజు రాసుకున్నది. ఇప్పుడు ఒక్క మాట కూడా దిద్దలేదు, రెండు చోట్ల కలిపింది మాత్రం కలిపానని చెప్పాను. దిద్దాలని చెయ్యి లాగిన చోట్లు చాలా ఉన్నాయి. ఈ మధ్యాహ్నం పోటు మీద అసిరితల్లిని మంచినీళ్ళు దొరకని ఉప్పుదిబ్బలకి తీసుకుపోతారు. అంతకుముందే దీన్ని సభలో పైకి చదవండి.

*

ఆషాఢ బహుళ పాడ్యమి

మూడు రోజుల సెలవు అయిపోయింది. నా భార్య సన్యాసమ్మని పూడ్చిపెట్టిన చోట నాటిన మడ మొక్క నిన్నటికే రెండాకులు వేసింది. ఇవాళ గోడెక్కాను.

పందొమ్మిదేళ్ళుగా మెట్లు దిగి పలికింది ఆవిడ, పైన గుడిసెలో కూర్చుని రాసింది నేను. కింద నీళ్ళకి పైన ఎన్ని మెట్లు పొడిగా ఉన్నాయో చూసి ఆవిడ కేకేసేది. నేను తిరిగి పలికేవాణ్ణి. ఆవిడ ‘సరి’ అన్నాకే కలం కదలాలి. నేను ఫోనులో చెప్పే అంకె ఆరుకన్నా తగ్గితే తూములింటివాళ్ళు గోడ తూముల తలుపులు దించేస్తారు. గుడిసెలోంచి మెట్లు కనబడవు. గొంతే ఆధారం. పాతూళ్ళో పోటు కొలిచే మీటరుండేది. ఉప్పు పట్టి పదకొండు రోజులు ఒకే అంకె చూపించింది, ఆ ఊరు అలాగే మునిగిపోయింది. అప్పట్నించి ఇక్కడ మీటర్లని నమ్మం, మనిషి గొంతునే నమ్ముతాం.

సన్యాసమ్మ అంకె ఒక్కటే ఎప్పుడూ పలకలేదు. “తొమ్మిది పొడి మాస్టారూ, నిద్దరొగ్గీసి రాయండి” అనేది. పోటు ఎంత పెద్దదైతే వెక్కిరింత అంత పెద్దది. మూడు పొడి ఉన్న తుఫానునాడు, “మూడు. మీ సంఘపోళ్ళ కరపత్రాలన్నీ ఇటేపు ఇసిరీండి, కట్టకి అడ్డమేద్దాం” అంది.

ఇప్పుడు కింద అసిరితల్లి. వలల కొట్టులో పనిచేసేది. గొంతు చిన్నది కానీ నిక్కచ్చి మనిషి.

“ఆరు పొడి.”

“ఆరు పొడి.”

“సరి.”

అంతే. వెక్కిరింత లేదు. రాశాను.

దిగుతూ ఆకు డిపోకి వెళ్ళాను. డిపో నడిపే గురువులు పద్దెనిమిది పొట్లాలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

“రోజుకొకటి మాస్టారూ. పని దిగినాక.”

“రూలు నాకే చెబుతున్నావా? అది రాసింది నేను.”

“అందుకే సెప్తన్నాను” అన్నాడు, తల ఎత్తకుండా.

ఆఫీసు కాగితాల్లో దీని పేరు ‘ఊరట’. మా తాతల కాలంలో దీన్నే గంజాయి అనేవారు, పన్నెండేళ్ళ కిందటిదాకా దగ్గర దొరికితే జైల్లో వేసేవారు. పొట్లాలు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. విప్పలేదు.

*

బహుళ చవితి

నీళ్ళలో ఉప్పు తీసే కుండ కింద రెండు చెంబులు పెట్టాను. రెండూ నిండాయి. రెండోదాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు దాని ముందే కూర్చున్నాను.

ఏడుపు రాదు. గొంతులో పుల్ల అడ్డంపడ్డట్టు ఉంటుంది. పెళ్ళాం చచ్చిపోయి వారం కాలేదు, నీళ్ళ చెంబుకి దారి వెతుకుతున్నాను.

ఇవాళ మొదటి పొట్లం విప్పాను. చుట్ట చుట్టడం రాక సగం ఒలికింది. నాలుగు దమ్ములకి పుల్ల జారింది. ఏడ్చాను. తర్వాత నవ్వాను కూడా, చెంబుని చూసి. ఆ తర్వాత అన్నం తిన్నాను. పడుకున్నాను.

ఇది తప్పని ఎవడైనా అంటే వాడితో ఇప్పుడు కూడా వాదిస్తాను. పన్నెండేళ్ళ కిందట పనివాళ్ళ సంఘం తరఫున ‘దుఃఖం నేరం కాదు’ అని కరపత్రం రాసిన చెయ్యి ఇది. కాలు విరిగితే మందిస్తారు, మనసు విరిగితే పోలీసుని పంపుతారా అని అడిగాను. గెలిచాను. ఆకుని జైలునుంచి విడిపించింది నేనే.

ఆ రోజు ఊరి కమిటీతో ఒప్పందం చేసుకున్న బల్ల దగ్గర ఇంకోటి కూడా జరిగింది. దాన్ని రాయడానికి ఇవాళ ఓపిక లేదు.

*

బహుళ సప్తమి

రోజుకొకటి చాలడం లేదు. ఇవాళ పొద్దున పనికి ముందే ఒకటి కాల్చాను. పని దిగాకే కాల్చాలన్న రూలు ఎవరికోసం? పనివాడి దుఃఖం డ్యూటీ టైము చూసుకుని వస్తుందా? ఇలాంటి వాక్యాలు నాకు నిద్రలో కూడా వస్తాయి. ఏ పనికైనా సరే, దాన్ని న్యాయం చేసే వాక్యం ఒకటి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అసిరి పది పలికింది. తిరిగి పలికాను.

“మాస్టారూ, ఇనబడనేదు.”

“గాలి” అన్నాను. గాలి లేదు.

పని అయ్యాక తనే మెట్లెక్కి గుడిసెలోకి వచ్చింది. గంజి గిన్నె బల్ల మీద పెట్టింది. వాసన పసిగట్టింది.

“తినండి. ఉల్లిపాయ కూడా ఎట్టినాను.”

“నువ్వు తిన్నావా?”

“నా సంగతి వొగ్గీండి. మాయమ్మ పోయినప్పుడు నాకు మూడు రోజులే ఇచ్చినారు. నాలుగోనాడు వలల కొట్టుకాడ కూకుంటే సూదేటో దారమేటో ఎరిక్కానేదు. ఆకు ఇచ్చినారు. కాల్చనేదు నాను. నాకు ఆకెందుకు, కూకొని ఏడవడానికి రోజులు గావాలని మీకాడికొచ్చి అడిగినాను. గేపకముందా?”

జ్ఞాపకం ఉంది. చవితినాడు రాయకుండా వదిలేసింది అదే. సంఘం అడిగింది ఇరవై ఒక్క రోజుల సెలవు. గోడ మీద మనుషులు చాలరని కమిటీవాళ్ళు గోల పెట్టారు. మూడు రోజులు సెలవిస్తాం, మిగతా పద్దెనిమిది రోజులకి పద్దెనిమిది పొట్లాలిస్తాం అన్నారు. ఆకు గెలిచామన్న సంబరంలో రోజులు అమ్మేశాను. సంతకం నాది. తర్వాత అసిరి వచ్చి అడిగితే, “నీకు రాజకీయం తెలీదమ్మా” అన్నాను.

“గుర్తుంది” అన్నాను.

“పోన్లెండి. గంజి సల్లారిపోతంది” అంది.

*

బహుళ నవమి

ఇది ఎవరికీ చెప్పను.

ఇవాళ రెండు కాల్చి ఎక్కాను. పగటి పోటు. కలం పట్టుకుని కూర్చున్నాను. కిందనించి వచ్చింది.

“తొమ్మిది పొడి మాస్టారూ. నిద్దరొగ్గీసి రాయండి.”

సన్యాసమ్మ. అనుమానం లేదు. ‘పొడి’ దగ్గర గొంతు కొంచెం పైకి లేవడం, ‘మాస్టారూ’ని సాగదీసి వెక్కిరించడం. పందొమ్మిదేళ్ళు విన్న గొంతు. నాకు తెలీదా?

తిరిగి గట్టిగా పలికితే ఆ గొంతు బెదిరి పోతుందనిపించింది. నోట్లోనే అనుకున్నాను. రాశాను.

ఆ గొంతుకి ముందో వెనకో ఇంకో చిన్న గొంతు కూడా ఉంది. అది ఏమందో నేను పట్టించుకోలేదు.

*

బహుళ ఏకాదశి

మళ్ళీ తొమ్మిది. నిన్న కూడా తొమ్మిదే. నిన్న సన్యాసమ్మ, “గడ్డం గీసుకోండి, సంఘం పరువు పోతంది” అంది. గీసుకున్నాను.

రెండు వారాల్లో ఇవాళే మొదటిసారి ఆకలేసింది. ఆకు మనిషిని పాడుచేస్తుందన్నవాళ్ళు నన్ను వచ్చి చూడాలి.

అసిరి కింద కాసేపు నిలబడి ఉంటోంది. తిరుగుపలుకు కోసం అనుకుంటాను. నేను పలకను. కాసేపటికి వెళ్ళిపోతుంది.

*

బహుళ త్రయోదశి

తొమ్మిది.

దిగుతుంటే మెట్ల మొదట్లో అసిరి ఆగి ఉంది.

“మాస్టారూ, మీరు తిరిగి పలకటం నేదు.”

“పలుకుతున్నాను. నీకు వినబడట్లేదు.”

నా కళ్ళకేసి చూసింది. ఎర్రగా ఉండి ఉంటాయి.

“ఏడవండి. ఏడిస్తే తప్పునేదు. మీరు ఏడుస్తున్నంతసేపూ నాను కిందనే ఉంటాను, ఎవులికీ సెప్పను” అంది.

దయ. (ఇది పంచమినాడు కలిపాను.) ఆ మనిషి తన మొత్తం పనిలో చేసిన తప్పు అదొక్కటే. నా మీద దయ చూపించి ‘సరి’ అనకుండానే పోనిచ్చింది.

*

బహుళ చతుర్దశి

తొమ్మిది.

తూములింటి కాపరి ఫోను చేశాడు. “అమాస ఎదురుగుండా ఉంది కదా మాస్టారూ, ఇంకా తొమ్మిదేనా?”

“పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. నువ్వు పుట్టి ఎన్నేళ్ళయింది?” అన్నాను.

“అలగే మాస్టారూ” అని పెట్టేశాడు.

అడిగినవాడు ఊరు మొత్తం మీద ఒక్కడు. వాడి నోరు నా నెరిసిన తలతో మూయించాను. అధికారాన్ని ప్రశ్నించండని నలభై కరపత్రాలు రాసినవాణ్ణి.

పొట్లాలు అయిపోవస్తున్నాయి. అవి అయిపోతే ఆవిడ పలుకుతుందా? ఈ ఒక్క ప్రశ్నే రోజంతా.

*

ఆషాఢ అమావాస్య

తొమ్మిది రాసి కలం మూశాను. దక్షిణం గాలి. కిందనించి అసిరి కేకలు ఆగలేదు. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ. నేను తల బల్ల మీద ఆనించి సన్యాసమ్మ కోసం వింటున్నాను.

అసిరి పరిగెత్తుకుంటూ మెట్లెక్కి గుడిసె తలుపు తన్ని వచ్చింది. మోకాళ్ళదాకా తడి.

“నాలుగు. నాలుగు పొడి అని గొంతు సించుకుంటన్నాను. తలుపులు దించనేదేటి?”

అప్పటికి తూముల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి. ఈ ఏడాది నారుమళ్ళు పన్నెండూ ఉప్పునీళ్ళ కింద. పల్లపు వీధిలో జనం మంచాలు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చారు. ఎవరూ చావలేదు. చావలేదన్న మాటని పట్టుకుని సాయంత్రందాకా వేలాడాను.

సాయంత్రం పుస్తకం తెరిచాను. నవమి తొమ్మిది. దశమి తొమ్మిది. ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి, అమావాస్య. అన్నీ ఒకే చేతిరాత, ఒకే అంకె. సముద్రం ఏడు రోజులు ఒకే మాట మీద నిలబడదు. నిలబడేది చచ్చిపోయినవాళ్ళే. వాళ్ళ దగ్గర కొత్త మాటలుండవు.

ఉప్పు పట్టిన మీటరు నేనే. అప్పుడే అర్థమైంది. విదియ సభకి రెండు రోజుల ముందే. ఆ సభలో నేను చేసింది తెలిసే చేశానని మీకు తెలియాలి గనక ఈ రెండు వాక్యాలూ పంచమినాడు కలుపుతున్నాను.

*

శ్రావణ శుద్ధ విదియ

సభ. కమిటీ అధ్యక్షుడు లోకనాథం పుస్తకం తిరగేశాడు. అసిరి మెట్లు దిగకుండానే గట్టు మీద కూర్చుని నోటికొచ్చిన అంకె పలికిందని అభియోగం.

“నాలుగన్నాను” అంది అసిరి. “నాలుగే అన్నాను. ఆ ముందురోజు ఆరన్నాను. ఆ ముందురోజు ఏడు.”

“పుస్తకంలో తొమ్మిదుంది.”

“పుస్తకం నాను రాయనేదు.”

లోకనాథం నావైపు తిరిగాడు. “మాస్టారూ, ఆమె ఏం పలికింది?”

ఇక్కడ నా చదువు పనికొచ్చింది. అబద్ధం చెప్పకుండా అబద్ధమాడటం ఎలాగో ముప్పై ఏళ్ళు వాదనల్లో నేర్చుకున్నాను.

“నాకు వినబడిందే రాశాను” అన్నాను.

అసిరి నావైపు తిరిగింది. కోపం లేదు. ఇంకా ఏదో చెప్పబోతున్నానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. చెప్పలేదు. చేతులెత్తమన్నారు. నా పక్కనున్నవాళ్ళందరూ ఎత్తారు. ఎత్తకపోతే ఎందుకని అడుగుతారు. ఎత్తాను.

ఆకు మాట సభలో ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తరు. మనలో ఎవరింట్లో పొట్లం లేదు? ఒకరికి కొడుకు పోయాడు, ఒకరికి చెల్లెలు పోయింది, నాలుగోనాడు పనిలోకి రావాలి. ఊరు ఊరంతా పొగ మీద నడుస్తోంది. తూముల కాపరి కళ్ళు చూశారా ఎవరైనా? లోకనాథం కళ్ళు?

*

శుద్ధ చవితి

నిన్నంతా కాల్చలేదు. ఒక్క పొట్లం మిగిలితే గురువులుకి ఇచ్చేశాను.

ఇవాళ సాయంత్రం అసిరి ఇంటికి వెళ్ళాను. మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, సూదులపెట్టె, వాళ్ళమ్మ దువ్వెన.

“కూకోండి” అంది.

కూర్చోలేదు. సన్యాసమ్మ గొంతు సంగతి చెప్పాను. మొత్తం చెప్పాను. సగంలో ఏడుపొచ్చింది.

ఆమె దువ్వెన మూటలో పెట్టి ముడేసింది.

“నాకూ మాయమ్మ కేకేసీది. వలల కొట్టుకాడ. ఆకు కాల్చకపోయినా కేకేసీది” అంది. “పోయినోళ్ళ కేక ఇనడం మంచిదే మాస్టారూ. కానీ నాను పలికింది మీరు ఎందుకు ఇననేదు? నాను బతికే ఉన్నాను కదా?”

నా దగ్గర సిద్ధంగా ఉండే వాక్యాల్లో ఒక్కటీ రాలేదు.

“క్షమించు” అన్నాను.

“అదేటి చేసుకోమంటారు, ఉప్పుదిబ్బల మీద? మంచినీళ్ళవుద్దా?” అంది. “ఏడవకండి ఇక్కడ. సభలో గొంతు బాగానే లేస్తాది కదా మీకు. రేపు అక్కడ లేపండి.”

“నన్ను నమ్ముతారా?”

“నమ్మకపోతే మీకు తెలుస్తాది, నా మాట నమ్మనప్పుడు నాకెలగుందో.”

మూట పక్కన పెట్టి, పొయ్యి మీద గిన్నె దించి, ఇద్దరికీ గంజి పోసింది. తిన్నాను. తినేటప్పుడు తల ఎత్తలేదు.

*

శుద్ధ పంచమి, పొద్దున్న

సభ్యులారా, ఇప్పుడు మీలో సగంమంది ఒక మాట అనబోతున్నారు. చూశారా, ఆకు వల్లే ఇదంతా, ఆకు ఆపేయండి అంటారు. అది తేలికైన మాట. నవమికి ముందు నాలుగు దమ్ముల ఆకు నా చేత అన్నం తినిపించింది, దాన్ని నేను కాదనను. ఆకు ఆపితే మళ్ళీ జైళ్ళు కడతారు, మళ్ళీ ఏ పల్లపు వీధివాణ్ణో అందులో వేస్తారు. తప్పు ఆకుది కాదు. ఏడవడానికి ఇవ్వాల్సిన రోజులు లాక్కుని బదులుగా ఆకు చేతిలో పెట్టడం తప్పు. ఆ బేరం కుదిర్చిన సంతకం నాది, ఆ బేరంతో పన్నెండేళ్ళు హాయిగా ఉన్నది మీరు.

పొగ మత్తులో రాసిన అంకెలు వేరు, విదియనాడు నేను చెప్పిన మాట వేరు. ఆ రోజు నేను మత్తులో లేను. ఆ మాటకి ఆకునీ దుఃఖాన్నీ అడ్డం పెట్టుకోను. భయపడ్డాను. పరువు పోతుందని భయపడ్డాను. నాకున్న పరువు అంతా పక్కవాడికోసం నిలబడ్డానన్న పేరే. ఆ పేరు కాపాడుకోడానికి పక్కనున్న మనిషిని అమ్మేశాను.

ఇంతకన్నా వాదన లేదు. డిమాండ్లు ఇవి.

ఒకటి. ఇవాళ మధ్యాహ్నం పోటుకి ముందే అసిరితల్లి పేరు గోడ జాబితాలో తిరిగి ఎక్కించాలి. ఆమె మూట పడవలోంచి దించేది నూట పన్నెండుమందిలో ఎవరైనా కావాలి, ఆమె కాదు.

రెండు. నా పేరు కొట్టెయ్యాలి. ఉప్పుదిబ్బలకి పంపుతారా, నారుమళ్ళలో ఉప్పు కడిగే పనిలో పెడతారా, మీ ఇష్టం. మెట్ల పుస్తకం మాత్రం నా చేతికి మళ్ళీ ఇవ్వకండి.

మూడు. మనిషి పోతే ఇరవై ఒక్క రోజుల సెలవు. అడిగినవాళ్ళకి ఆకు కూడా. సెలవుకి బదులుగా కాదు.

నాలుగు. ఆకు కాల్చినవాళ్ళెవరూ ఆ రోజు గోడెక్కకూడదు. ఎక్కనందుకు ఎవరికీ శిక్ష ఉండకూడదు.

అయిదు. ఒక్క పుస్తకం మాట మీద, ఒక్క మాస్టారి మాట మీద ఎవరినీ బయటికి పంపకూడదు.

ఆరు. ఆషాఢ అమావాస్య దగ్గర నేను రాసిన తొమ్మిది కొట్టేసి, అసలు అంకె వెయ్యాలి. ఉత్తినే వెయ్యకండి. అసిరితల్లి సభలో నిలబడి ఆ అంకె పలుకుతుంది. అందరూ తిరిగి పలకండి, వెనక వరసలవాళ్ళు కూడా. ఆమె ‘సరి’ అనేదాకా ఎవరూ కలం ముట్టకూడదు.